రొట్టె మీద చుక్క

నేలలో పాతిన వైన్ జాడిలోంచి బయటికి తీసిన ఒతియా శవం వైన్ కొట్టు గడప పక్కన, ద్రాక్ష బుట్టలు ఆరబెట్టే చెక్కల మీద పడి ఉంది. జుట్టు నిండా, చెవుల నిండా నల్లటి ద్రాక్ష తొక్కలు. తల వెనక ఎముక లోపలికి కుంగిపోయి, అక్కడ పట్టిన రక్తమేదో ద్రాక్షరసమేదో తెలియకుండా ఉంది. ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరో కనురెప్పల మీది తొక్కలు ఒక్కొక్కటే ఏరి, తడిగుడ్డతో తుడిచారు.

"ఎవరు తుడిచారు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్ ఎల్గూజా.

"మాల్ఖాజ్ సార్. పనివాడు. బయటికి లాగింది వాడే. తుడిచింది కూడా వాడే," అన్నాడు కానిస్టేబుల్ నుగ్జార్. "ముందు కేకేశాట్ట, ఆ తర్వాత ఇదంతా."

ఎల్గూజా టైం చూశాడు. మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలు. శవం దొరికింది ఒంటిగంటా యాభైకి.

ఒతియా అతనికి పదేళ్లుగా తెలుసు. కొండ మీది నకలకారి శిథిలాలు చూపించడమే అతని బతుకు. రాతిని తొలిచి కట్టిన వీధులు, రాతి గదులు, ఎప్పటివాళ్లో ద్రాక్ష తొక్కిన రాతి తొట్టి చూపించి, పన్నెండింటికల్లా యాత్రికుల్ని గోచా నడిపే వ్యాను ఎక్కించి కిందికి పంపేవాడు. తను మాత్రం కొండలోపలి సొరంగం మెట్లు దిగి వాళ్లకంటే ముందే వైన్ కొట్టు యజమాని జుంబెర్ వాకిట్లో నిలబడి, "ఏం, ఇంత ఆలస్యం?" అని నవ్వించేవాడు. ఆ నవ్వు అయ్యాక జుంబెర్ వైన్, రొట్టె, కాల్చిన మాంసం. ఇవాళ పదకొండు మంది వచ్చారు. వాకిట్లో నవ్వించేవాడు మాత్రం లేడు.

పక్కనున్న కట్టెల కొట్టులోంచి ఏదో చప్పుడైంది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు. మళ్లీ ఇంకోసారి.

ఎల్గూజా అటు పరిగెత్తాడు.

మాల్ఖాజ్‌ని ద్రాక్షపుల్లల మోపు మీద కూర్చోబెట్టి చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేశారు. ముప్పై ఏళ్ల మనిషి. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలి చొక్కా ముందంతా రక్తం. రాజధాని తిబిలిసి నుంచి వచ్చిన పోలీసు అధికారి మెరాబ్ పిడికిలికి రుమాలు చుట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. విదేశీయులున్న కేసని పైవాళ్లు అతన్ని గంటలో పంపించేశారు.

"రండి పెద్దాయనా," అన్నాడు మెరాబ్ వెనక్కి తిరక్కుండానే. "మీవాడు మహా మొండి. నోట్లో పళ్లు రాలుతున్నాయి గానీ మాట రాలట్లేదు."

"ఆ చెయ్యి దించు."

"దించకపోతే?"

ఎల్గూజా వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. మెరాబ్ అతని భుజం పట్టుకుని ఒక్క తోపు తోశాడు. యాభై ఏడేళ్ల వీపు వెళ్లి గుంజకి కొట్టుకుంది. కట్టెల మీంచి ఏదో బాన దొర్లి పగిలింది. ఎల్గూజా ఊపిరి కూడదీసుకుని మళ్లీ వచ్చి అదేచోట నిలబడ్డాడు.

"ఈసారి ఇంకా గట్టిగా తొయ్యాలి నాయనా," అన్నాడు. "నేను పడితే తప్ప పక్కకి జరగను."

మెరాబ్ నవ్వాడు. రుమాలు విప్పి జేబులో పెట్టుకున్నాడు. "లెక్క చాలా సింపుల్. నిన్న సాయంత్రం వీడూ ఒతియా ఊరి మధ్యలో కొట్టుకున్నారు. చూసినవాళ్లు ఆరుగురున్నారు. ఇవాళ ఒంటిగంటన్నర నుంచి యాభై దాకా వీడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. యాభైకి 'శవం, శవం' అని అరిచాడు. ఒళ్లంతా రక్తం. కొట్టాడు, తోశాడు, అరిచాడు. నాలుగింటికి నాతో తీసుకుపోతా. తెల్లారేసరికి సంతకం పెడతాడు."

పోయినేడు మెరాబ్ ముందు సంతకం పెట్టిన ఒకడు జైలు గదిలో దుప్పటి చింపి ఉరేసుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత అసలు నేరస్థుడు దొరికాడు. అప్పుడు ఆ తల్లికి కబురు చెప్పడానికి వెళ్లింది ఎల్గూజాయే. ఆవిడ తిట్టలేదు, కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆ టీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

"పది నిమిషాలు నాకివ్వు," అన్నాడు.

"ఐదు." మెరాబ్ బయటికి పోయాడు.

ఎల్గూజా నీళ్లకుండ తెచ్చి మాల్ఖాజ్ నోటికి పట్టాడు. మొదటి గుక్క ఎర్రగా ఉమ్మి, రెండోది మింగాడు.

"నిన్న ఎందుకు కొట్టుకున్నారురా?"

"తాగి ఉన్నాను బాబాయ్."

"నువ్వు తాగవు. మీ అమ్మ నీ చేత ఒట్టేయించుకుందని జిల్లా అంతా తెలుసు."

మాల్ఖాజ్ తల వంచుకున్నాడు.

"ఇవాళ ఏం చూశావు?"

"జాడిలో తేలిన తొక్కల తెట్టు అణచడానికి వెళ్లాను. మూడో జాడిలో కర్రకి ఏదో మెత్తగా తగిలింది. లాగాను. ఒతియా బాబాయ్. అంతే."

"కొట్టిందెవరో తెలుసా?"

తెరుచుకుని ఉన్న ఒక్క కన్ను క్షణంసేపు ఎల్గూజా ముఖం మీద నిలిచి, నేల మీదకి జారింది. 

"నాకేం తెలీదు. నన్ను పంపేయండి ఆయనతో. కొడితే కొట్టనీయండి."

తెలియనివాడు అలా అనడు. తెలియనివాడు ఏడుస్తాడు, తిడతాడు, అందరి పేర్లూ చెప్తాడు. వీడు నోరు మూసుకుని దెబ్బలు లెక్కపెట్టుకుంటున్నాడు.

*

వైన్ కొట్టులోకి వెళ్లేముందు ఎల్గూజా కొవ్వొత్తి వెలిగించాడు. అక్టోబరు నెల. నేలలో మెడదాకా పాతిన ఎనిమిది జాడీల్లోనూ కొత్త ద్రాక్షరసం బుసబుసమని పొంగుతోంది. ఆ పొంగులోంచి వచ్చే గాలికి వాసన లేదు, రంగు లేదు. నేల బారున పరుచుకుని మనిషిని నిద్రపుచ్చి చంపేస్తుంది. అందుకే ఈ ఊళ్లో పసిపిల్లలక్కూడా కొవ్వొత్తి లేకుండా లోపలికి వెళ్లకూడదని తెలుసు. మంట మోకాలి ఎత్తులో వణికింది. నడుం ఎత్తులో నిలకడగా వెలిగింది.

"వంగకు నుగ్జార్. వంగితే లేవవు."

మూడో జాడి చుట్టూ నేల తడిసి ఎర్రగా ఉంది. ఒతియాని పైకి లాగిన జాడ. గోడకి ఐదు కర్రలు ఆనించి ఉన్నాయి. మనిషెత్తు కర్రలు, కింది కొసన గుమ్మడికాయంత చెక్క ముద్ద. తేలిన తొక్కల్ని రసంలోకి అణచడానికి వాడేవి. నాలుగు కర్రలు ముద్ద నుంచి మధ్యదాకా నల్లగా ఊదారంగుకి తిరిగాయి. ఐదోది తెల్లగా ఉంది. కడిగేశారు. చెక్క ఇంకా తడి ఆరలేదు.

"కోత రోజుల్లో కర్ర కడుగుతారా ఎవరైనా?" అన్నాడు ఎల్గూజా.

"మా తాతైతే కడిగినవాడి వీపు మీదే దాన్ని విరిచేవాడు సార్. నీళ్లు తగిలితే వైన్ పాడవుతుంది."

"దీన్ని గుడ్డలో చుట్టు. చేత్తో ముట్టుకోకు."

నాలుగో జాడి మూత తీయించాడు. పైన తొక్కలు, కాడలు, గింజలు కలిసి జానెడు మందాన తెట్టు కట్టి ఉన్నాయి. కర్ర తీసుకుని దాన్ని పొడిచి, పగలగొట్టి, రసం కిందికి పూర్తిగా అణిచేశాడు. పైన ఉత్త నురగ మిగిలింది.

"మూడూ ఇరవై ఐదు. మళ్లీ పైకి తేలి, గట్టిపడి, ఇందాకట్లా అయ్యేసరికి ఎంతసేపు పడుతుందో చూడు. గడప దగ్గరే నిలబడి చూడు. కొవ్వొత్తి ఆరిపోతే బయటికి పరిగెత్తు."

"ఎందుకు సార్?"

"మాల్ఖాజ్ కర్ర వేసేసరికి తెట్టు పగిలి ఉందా, గట్టిగా ఉందా అనేది తెలియాలి. మెరాబ్ చెప్పినట్టు ఒకటీ నలభైకి శవాన్ని తోసి ఉంటే, యాభైకి పైన నురగే ఉండాలి."

"అది చూసినవాళ్లెవరు? వాడొక్కడేగా?"

ఎల్గూజా బయటికి వచ్చాడు. వాకిట్లో బల్ల చుట్టూ బిక్కచచ్చిపోయి కూర్చున్న యాత్రికుల వైపు చూశాడు. వాళ్లలో తెల్లజుట్టు పోలండ్ పంతులమ్మ ఒకావిడ ఉంది. బొజెన ఆవిడ పేరు. పొద్దుట్నుంచి ఫోను చేతిలోంచి దించలేదని నుగ్జార్ ఇందాక విసుక్కున్నాడు. ఇప్పుడు మాత్రం ఆవిడ ఫోను పక్కనపెట్టి, వణుకుతున్న ఒక కుర్రపిల్ల భుజాల మీద తన శాలువా కప్పుతోంది.

ఎల్గూజాకి వచ్చిన రష్యన్, ఆవిడకి బడిలో నేర్పిన రష్యన్ ఎలాగోలా సరిపోయాయి.

"వైన్ తయారీ చూడాలని ఆ అబ్బాయి వెనకే వెళ్లానయ్యా," అంది బొజెన. "గడప దాకానే రానిచ్చాడు. అమ్మా, లోపలికి రాకు, గాలి మంచిది కాదన్నాడు. నా చెయ్యి పట్టుకుని వెనక్కి నిలబెట్టాడు. ఆ పిల్లాడు హంతకుడా?"

ఫోను చూపించింది. ఒకటీ నలభై తొమ్మిది. మాల్ఖాజ్ చొక్కా పొడిగా, శుభ్రంగా ఉంది. మూడో జాడి మూత తీశాడు. తెట్టు గట్టిగా, పైన ఎండి, చీలికైనా లేకుండా ఉంది. కర్ర దిగడానికి రెండుసార్లు బలం పట్టాల్సి వచ్చింది. తర్వాత కర్ర ఆగిపోయింది. మాల్ఖాజ్ వంగాడు, మోచేతిదాకా చెయ్యి పెట్టాడు, ఒక చెవి పైకి తేలింది. అక్కడ ఫోను ఊగిపోయింది.

"ఇంకేమైనా తీశారా?"

"భోజనం మొదట్నుంచీ తీశాను. మా బడిపిల్లలకి చూపిద్దామని. నేను కూడా అందరిలా కప్పెత్తి ఒక మాటన్నాను."

పన్నెండూ ఇరవై ఏడుకి మొదలైంది. బల్ల కొసన విందుపెద్దగా జుంబెర్. అరవై రెండేళ్ల మనిషి, తెల్లచొక్కా, ఒత్తైన మీసం. దేవుడి పేర ఒక కప్పు, శాంతి పేర ఒక కప్పు. పన్నెండూ నలభై ఒకటికి కూజా ఖాళీ అయిందని లేచి వైన్ కొట్టులోకి వెళ్లాడు. యాభైకి నిండు కూజాతో వచ్చాడు. యాభై రెండుకి బొజెన లేచి నిలబడి, వచ్చీరాని రష్యన్‌లో, మా గైడ్ ఒతియా ఇంకా రాలేదు, ఆయన పేర తాగుదాం అంది. అందరూ హో అన్నారు. కప్పులు ఖంగుమన్నాయి.

జుంబెర్ కప్పు ఎవరి కప్పుకీ తగల్లేదు. అతని ఎడమచెయ్యి బల్ల మీది రొట్టెముక్కని దగ్గరికి లాక్కుంది. కుడిచేతిలోని కప్పు కాస్త ఒరిగింది. రొట్టె మీద ఒక చుక్క పడింది. తర్వాతే తాగాడు.

ఎల్గూజా ఆ ముక్కని మూడుసార్లు చూశాడు.

"ఏమిటయ్యా?" అంది బొజెన. "ఇక్కడి పద్ధతి కాబోలు అనుకున్నాను."

"పద్ధతేనమ్మా," అన్నాడు ఎల్గూజా. "బతికున్నవాళ్ల పేర తాగేటప్పుడు కప్పులు తాకిస్తాం. పోయినవాళ్ల పేర తాగేటప్పుడు తాకించం, రొట్టె మీద చుక్క వదులుతాం. అది నేర్పితే వచ్చేది కాదు. చెయ్యి తనంతట తనే చేస్తుంది."

శవం దొరకడానికి యాభై ఎనిమిది నిమిషాల ముందే ఆ చేతికి ఒతియా చచ్చిపోయాడని తెలుసు.

మెరాబ్ గేటు దగ్గర సిగరెట్ తాగుతున్నాడు. ఎల్గూజా ఫోను చూపించాడు. మెరాబ్ సగమే చూశాడు.

"రొట్టె! తెట్టు! కోర్టులో తెట్టు బోనెక్కి సాక్ష్యం చెప్తుందా పెద్దాయనా? ముసలాడి చెయ్యి వణికింది, చుక్క పడింది. ఇక్కడున్న ప్రతి ముసలాడి చెయ్యీ వణుకుతుంది." ఎల్గూజా చేతివైపు చూసి కావాలనే నవ్వాడు. "నాలుగింటికి వెళ్తున్నా. అప్పటికి మీ రొట్టెముక్క చేత సంతకం పెట్టించగలిగితే పెట్టించండి."

నాలుగుకి ఇంకా ఇరవై నిమిషాలు.

*

ఎల్గూజా జుంబెర్‌ని వైన్ కొట్టులోకే పిలిచాడు. నుగ్జార్ గడప దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. మూడో జాడి నోరు తెరుచుకునే ఉంది.

"ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చుగా తమ్ముడూ," అన్నాడు జుంబెర్. "ఇక్కడ కంపు."

"కోత రోజుల్లో వైన్ కొట్టు కంపన్నది నీ నోట ఇదే మొదటిసారి వింటున్నాను జుంబెరన్నా. కర్ర ఎవరు కడిగారు?"

"ఏ కర్ర?"

"పన్నెండూ నలభై ఒకటికి లోపలికొచ్చావు. యాభైకి బయటికెళ్లావు. ఒక కూజా నింపడానికి తొమ్మిది నిమిషాలా?"

"ముసలాణ్ణి. నడుం నొప్పి."

"ఒతియా పేర తాగుతూ రొట్టె తడిపావు."

జుంబెర్ మీసం కదిలింది. బయట ఎవరో ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపారు.

"ఫోనులో పడింది అన్నా. ఆ పోలండావిడ పుణ్యం. అందరూ కప్పులు తాకిస్తుంటే నువ్వొక్కడివే తాకించలేదు. నీకు మనసొప్పలేదు, అవునా? చచ్చినవాణ్ణి బతికున్నవాడిలా చూస్తూ తాగలేకపోయావు. అంత ఘోరం చేసీ కూడా ఆ చిన్న మర్యాద తప్పలేకపోయావు."

"ఊరుకో."

"లోపల జాడిలో పడేసి, బయట పద్ధతి ప్రకారం సాగనంపావు."

"ఊరుకోమన్నానా!"

గోడకున్న కర్ర జుంబెర్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఎల్గూజా చూడలేదు. చెక్క ముద్ద గాలిలో బుయ్యిమంది. తల తప్పించాడు గానీ భుజం తప్పించుకోలేకపోయింది. ఎముక పటుక్కుమంది. మోకాళ్ల మీద పడ్డాడు. మరుక్షణం జుంబెర్ అతని మెడ మీద కూర్చుని, జుట్టు పట్టి ముఖాన్ని జాడి నోట్లోకి వంచాడు. గోరువెచ్చటి పొంగు ముక్కుకి తగిలింది. ఎల్గూజా ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరిలో గాలి లేదు. ఛాతీ ఖాళీగా ఎగిసింది, కళ్ల ముందు ఎర్రటి నురగ నల్లబడింది. ఎడమచేత్తో జుంబెర్ మణికట్టు దొరకబుచ్చుకుని పళ్లు దించాడు. నోట్లోకి ఉప్పటి రక్తం వచ్చింది. పట్టు సడలలేదు. ఎక్కడో చాలా దూరంగా నుగ్జార్ బూట్లు పరిగెత్తుకొస్తున్న చప్పుడు.

తుపాకీ మడమతో నుగ్జార్ కొట్టిన దెబ్బకి జుంబెర్ చెవి చిట్లింది. రెండో దెబ్బకి పక్కకి ఒరిగాడు. నుగ్జార్ ఎల్గూజాని కాలర్ పట్టుకుని నిలువుగా పైకి లాగి, గడప బయట ఎండలో పడేశాడు. ఎల్గూజా వాంతి చేసుకున్నాడు. ఆకాశం నెమ్మదిగా తన రంగుకి వచ్చింది. ఇంతకాలం ఈ గాలిని ఉచితంగా పీల్చానా అనిపించింది.

జుంబెర్ గోడకానుకుని కూర్చుని, చెవిలోంచి కారుతున్న రక్తాన్ని పట్టించుకోకుండా ఏడుస్తున్నాడు.

"రాసుకో తమ్ముడూ. నేనే. నేనే కొట్టాను. నేనే తోశాను. కాయితం తే, సంతకం పెడతా."

"సార్, దొరికాడు!" అన్నాడు నుగ్జార్. "నాలుగూ ఐదు. మీరు చెప్పిన తెట్టు కూడా ఇప్పుడే గట్టిపడింది. నలభై నిమిషాలు పట్టింది."

ఎల్గూజాకి మాత్రం సంతోషం కలగలేదు. భుజం పట్టుకుని లేచి, ఫోను మళ్లీ తెరిచాడు. పన్నెండూ యాభై. కూజాతో వస్తున్న జుంబెర్. తెల్లచొక్కా. చేతులు మణికట్టు దాకా తెల్లగానే ఉన్నాయి. తొంభై కిలోల మనిషిని పొంగుతున్న జాడిలోకి దించినవాడి చేతులు భుజాల దాకా ఊదారంగు కావాలి.

"నువ్వు చూశావు. అంతే. చేసినవాడు వేరే," అన్నాడు.

"నేనే అన్నాను కదా!"

ఎల్గూజా భోజనం వీడియోని వెనక్కి జరిపాడు. మంట దగ్గర మాంసం తిప్పుతున్న మాల్ఖాజ్. పన్నెండున్నర దాటగానే పుల్లల కోసం లేచి కట్టెల కొట్టు వైపు వెళ్లాడు. నిమిషంన్నరలో తిరిగొచ్చాడు. చేతుల్లో పుల్లల్లేవు. ముఖం పాలిపోయి ఉంది. మళ్లీ కూర్చుని, ఆరిపోతున్న మంటకేసి చూస్తూ ఉండిపోయాడు. అంటే కట్టెల కొట్టు గోడ సందులోంచి వైన్ కొట్టులో జరిగింది అతను కూడా చూశాడు.

ఇక మిగిలింది ఒక్కడు. యాత్రికుల్ని దింపి, పన్నెండున్నరకి గళ్లచొక్కాలో వైన్ కొట్టు వైపు నడిచిన వ్యాను డ్రైవరు. వీడియోలో అతను మళ్లీ ఒంటిగంటకి కనిపించాడు. నల్లచొక్కా. తల తడిగా ఉంది.

"గోచా," అన్నాడు ఎల్గూజా. "నీ కొడుకు."

జుంబెర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"కొండ మీద రాతి సమాధి ఒకటి దొంగతనంగా తవ్వాడు తమ్ముడూ. వెండిగిన్నె దొరికింది. ఒతియా చూశాడు. సోమవారం మ్యూజియంలో చెప్పేస్తానన్నాడు. వద్దని బతిమాలడానికే నిన్న మాల్ఖాజ్ వెళ్లాడు, ఆ బతిమాలడం కొట్లాట అయింది. ఇవాళ గోచా... నేను వచ్చేసరికి అయిపోయింది. వాడు కర్ర పట్టుకుని నిలబడి, నాన్నా, ఏం చెయ్యను అన్నాడు. చిన్నప్పుడు గిన్నె పగలగొట్టి వచ్చినప్పుడు అడిగినట్టే అడిగాడు."

"మాల్ఖాజ్ చూశాడు. అంత దెబ్బలు తింటూ ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాడు? గోచా పుట్టిన మూడోరోజు వాళ్లమ్మ పోయింది. మాల్ఖాజ్ తల్లి ఇద్దర్నీ చెరో రొమ్ముకీ వేసుకుని పెంచింది. పాలన్నదమ్ములు వాళ్లు. రక్తం పంచుకున్నవాణ్ణి పట్టిస్తారేమో గానీ, పాలు పంచుకున్నవాణ్ణి ఎవడు పట్టిస్తాడు?"

"అలాంటివాణ్ణి బలివ్వడానికి నువ్వు కూర్చున్నావు."

జుంబెర్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"గోచా ఎక్కడ?"

నుగ్జార్ గేటు వైపు చూశాడు. "సార్... మెరాబ్ సార్ కారు టైర్లు రెండు గాలి పోయి ఉన్నాయి. నాలుగింటికి గోచాయే, నేను దింపుతానన్నాడు. వ్యాన్లో వెళ్లారు. మెరాబ్ సారు, మాల్ఖాజు, గోచా."

*

నుగ్జార్ జీపు తియ్యడానికి పరిగెత్తాడు. ఎల్గూజా ఎడమచేత్తో మెరాబ్ నంబరు నొక్కాడు. ఎనిమిదిసార్లు మోగింది. తొమ్మిదోసారి తీశారు.

అవతల ఏటి హోరు. ఎవరో మూలుగుతున్నారు.

"బాబాయ్," అంది గోచా గొంతు. చాలా నెమ్మదిగా ఉంది. "తిబిలిసాయన మాట్లాడలేడు. జాకీ రాడ్డుతో కొట్టాను. ఊపిరుంది. తుపాకీ నా దగ్గరుంది. వంతెన దగ్గరున్నాం."

"మాల్ఖాజ్?"

"కమ్మీ దగ్గర నిలబెట్టాను. చేతులకి సంకెళ్లున్నాయిగా, నీళ్లలో పడితే ఈదలేడు."

జుంబెర్ పాక్కుంటూ వచ్చి ఎల్గూజా ప్యాంటు పట్టుకున్నాడు. "నేను ఒప్పుకున్నానని చెప్పు! నాన్న సంతకం పెట్టేశాడని చెప్పు! వదిలేస్తాడు!"

ఆ అబద్ధం ఎల్గూజా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే పనిచేస్తుందేమో. కానీ అవతల మెరాబ్‌ని కొట్టి పడేసింది గోచాయే. వెనక్కి వచ్చే దారి తనే విరిచేసుకున్నాడు. తండ్రి సంతకం అతన్ని ఇక దేన్నుంచీ కాపాడదు. చూసినవాళ్లని మిగల్చకూడదన్న ఆలోచనకే అది బలమిస్తుంది.

"గోచా, ఒక్కమాట చెప్తాను. ఆ తర్వాత నీ ఇష్టం," అన్నాడు. "మాల్ఖాజ్ నిన్ను చూశాడు. పన్నెండున్నరకే చూశాడు. మెరాబ్ వాణ్ణి కొట్టాడు. నేను అడ్డం పడేదాకా కొట్టాడు. కన్ను పోయిందేమో తెలీదు. పళ్లు రాలాయి. నీ పేరు చెప్పలేదు. నేను మంచిగా అడిగినా చెప్పలేదు. నన్ను పంపేయండి, కొడితే కొట్టనీయండి అన్నాడు. కావాలంటే వాణ్ణే అడుగు."

ఏటి హోరు. జీపు హారను. జుంబెర్ ఏడుపు.

అవతల దూరంగా గోచా గొంతు, ఫోనుకి కాదు. "చూశావా? చూసి కూడా... ఎందుకురా?"

జవాబు ఏటి హోరులో కలిసిపోయింది. తర్వాత ఇనుము ఇనుముకి తగిలిన చిన్న చప్పుడు. తాళంచెవి తిరిగినట్టు. ఆ తర్వాత మాల్ఖాజ్ గొంతు, పగిలిన నోటితో, ప్రాణం పెట్టి అరిచిన అరుపు.

"గోచా! వద్దురా! అమ్మ మీదొట్టు, గోచా!"

తుపాకీ పేలింది. ఒక్కసారే.

ఎల్గూజా ఫోను చెవికి నొక్కుకున్నాడు. "ఎవరైనా మాట్లాడండి. మాట్లాడండి నాయనా."

రాళ్ల మీద కాళ్లీడ్చుకుంటూ ఎవరో వచ్చారు. ఫోను తీశారు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది.

"నన్ను కాదు బాబాయ్," అన్నాడు మాల్ఖాజ్. "నాకు సంకెళ్లు తీసేశాడు. ముందు నాకు సంకెళ్లు తీసేశాడు, తర్వాత తుపాకీ తన వైపే తిప్పుకున్నాడు."

ఎల్గూజా కాళ్ల దగ్గర జుంబెర్ తలెత్తి చూస్తున్నాడు. "ఎవరు?" అన్నాడు. "తమ్ముడూ, ఎవరిని?"

ఎల్గూజా ఫోను జేబులో పెట్టి, బాగున్న చేత్తో ఆ ముసలాడి తలని తన పొట్టకి ఆనించి గట్టిగా పట్టుకున్నాడు.